పైడిభీమవరం దాటాక మా బండి దగ్గర ఆగిన లారీ డ్రైవరుగారికి

చేతులకి కూలెంట్ జిగురు ఇంకా వదల్లేదు. ఇది రాయకుండా పడుకోలేను.

అమ్మతో విజయనగరం వస్తుంటే మా 2009 డీజిల్ బండి టెంపరేచర్ సూది పైకెక్కేసి బానెట్ లోంచి ఆవిరి వచ్చింది. రేడియేటర్ మూత మీద గుడ్డ వేశానో లేదో, ఒకాయన పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టేసుకున్నారు. "ముట్టకు బావూ, మొకం కాలిపోద్ది." నిజమే. మూత బిగించి ఉంటే ఒక బార్ (దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) అదనపు ఒత్తిడిలో నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. తిప్పిన క్షణంలో ఆవిరై ఎగజిమ్ముతాయి.

లోడు లారీ పక్కన పెట్టి 40 నిమిషాలు మాతో ఆగారు. పై హోసు నొక్కితే మెత్తగా తగిలాకే మూత తీశారు. లీకు కింది హోసు చివర. పాత స్ప్రింగు క్లిప్పు పట్టు వదిలేసింది, దాని కింద రబ్బరు అంగుళం చీలింది. పసుపు పొయ్యమన్నారెవరో. ఆయన వద్దన్నారు, చిల్లుతోపాటు రేడియేటర్ సన్నగొట్టాలూ పూడుకుపోతాయి. చీలిన అంగుళం కోసేసి, పైపు మూతి ఎమరీ కాగితంతో రుద్ది, హోసు తోసి, తన డబ్బాలోని స్క్రూ క్లిప్పు బిగించారు.

మా సీసాలు చాల్లేదు. తాగడానికి పెట్టుకున్న ఐదు లీటర్ల క్యాను మొత్తం పోసేశారు. మూత తీసే ఉంచి, ఇంజను ఆన్ చేయించి, హీటరు ఫుల్లుగా పెట్టించారు. ఇంజను వేడెక్కాక నీళ్ళని రేడియేటర్ కి వదిలే వాల్వు, థర్మోస్టాట్, తెరుచుకుని పై హోసు వేడెక్కాలి, బుడగలు ఆగాలి. గాలి మిగిలితే మళ్ళీ వేడెక్కుతుంది. ఎంతకీ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ ని (ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలుని) అనుమానించాలి. ఆయిల్ లో నీళ్ళు కలిస్తే వచ్చే టీ రంగు నురగ ఆయిల్ మూత లోపల లేదని కూడా చూశారు.

డబ్బు ముట్టలేదు. ఆ ఎండలో ఖాళీ క్యాను పట్టుకుని లారీ ఎక్కుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అయ్యా, మీ పేరైనా అడగలేదు. క్షమించండి.

పోయిన నెలే ఈ హోసు చూడమని సర్వీసులో బతిమాలాను. గాలి ఒత్తిడి పెట్టి లీకు వెతికే ప్రెషర్ టెస్టు కూడా చెయ్యకుండా "పాత మోడలు, రేడియేటర్ మొత్తం మార్చాలి" అన్నారు. పోయింది అంగుళం రబ్బరు! బండి పాతదైతే అందులో కూర్చునేవాళ్ళ ప్రాణాలు పాతవైపోతాయా?

తమ్ముడు వచ్చి అమ్మని ఇంటికి తీసుకెళ్ళాడు. రేపు రెండు హోసులూ మార్చి, ఆ నీళ్ళు తీసేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోస్తాం. బోరునీళ్ళు మాత్రం పొయ్యకండి, లోపల తెల్లగా పొర కట్టేస్తుంది.

అయ్యో, మర్చిపోయాను. బండి వెనక తాటిమట్టలు అడ్డం పెట్టి వాహనాలను పక్కకి మళ్ళించిన కుర్రాళ్ళకి, బైకు మీద వెళ్ళి ఎమరీ కాగితం తెచ్చిన అన్నకి కూడా దండాలు. బండి కిందకి దూరి ఫోను లైటు పట్టుకున్న క్లీనరు తమ్ముడికీ.