సింహాసనం మారింది గానీ డ్యూకుల ఇళ్లు మారలేదండీ

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో బ్రిటన్ రాజకుటుంబం మీద వేసిన వ్యాసం బాగుంది గానీ, 2013 చట్టంతో అక్కడి ఆడపిల్లలకు వారసత్వ హక్కు వచ్చేసిందన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ చట్టం సింహాసనం వరకే. దానివల్లే 2018లో తమ్ముడు లూయీ పుట్టినా రాకుమారుడు విలియం కూతురు షార్లెట్ వరుసలో వెనక్కి పోలేదు. కొన్ని స్కాట్లాండ్ బిరుదులు, బారన్ అనే చిన్న ప్రభువుల పాత బిరుదులు తప్పిస్తే, వంశపారంపర్య ప్రభువులైన డ్యూకుల, ఎర్ల్‌ల ఇళ్లలో ఇవాళ్టికీ పాత కథే: అక్కలు ఎంతమంది ఉన్నా బిరుదు తమ్ముడిదే, తమ్ముడు లేకపోతే ఎక్కడో ఉన్న బాబాయి కొడుకుది.

వందల ఏళ్ల ఆచారం, దాన్నెలా మారుస్తాం అంటారు కొందరు. మరి మార్ల్‌బరో డ్యూక్ కోసం మార్చారుగా! 1702లో ఇంగ్లండ్ సేనాని జాన్ చర్చిల్‌కు ఆ బిరుదిచ్చారు, మరుసటేడే మిగిలిన ఒక్క కొడుకూ మశూచితో పోయాడు. 1704లో ఆయన బ్లెన్‌హైమ్ దగ్గర ఫ్రెంచి సేనను చిత్తు చేశాక, అంతటివాడి పేరు ఆయనతోనే ఆగిపోకూడదని 1706లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి కూతుళ్లకూ బిరుదు వచ్చేలా చూసింది. 1722లో ఆయన పోగానే పెద్దకూతురు హెన్రియెట్టా తన సొంత హక్కుతో డచెస్ (అంటే ఆడ డ్యూక్) అయింది. ఆమె కొడుకు ఆమె కన్నా ముందే చనిపోవడంతో 1733లో బిరుదు చెల్లెలి కొడుకు చార్లెస్ స్పెన్సర్‌కు వెళ్లింది. విన్‌స్టన్ చర్చిల్ ఈ ఇంటివాడే, అంటే కూతురి సంతతే! ఆ తర్వాత మళ్లీ ఒక్క వారసురాలూ రాలేదు, అది వేరే సంగతి.

(ఈ డ్యూకుల ఇంటికి రాజ్యం ఇచ్చిన భూమికి శిస్తు ఏంటో తెలుసా? ఏటా ఆగస్టు 13కల్లా విండ్సర్ కోటకు ఒక కొత్త పట్టు జెండా. మా ఊళ్లోనూ ఇదే శిస్తయితే అందరం దర్జీ కొట్టు ముందే ఉండేవాళ్లం.)

ఎక్కడి డ్యూకో, నీకెందుకీ గొడవ అనకండి. ఎన్టీ రామారావు హయాంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం వర్తించలేదు. మా అమ్మ పెళ్లి ఆ ఏడాది మే నెలలో. ఆడపిల్లలకు హక్కొచ్చిందని పేపర్లో చదివి సంబరపడి, మావయ్యను అడగబోయి, ఆ ఒక్క షరతు దగ్గర నోరు మూసుకుంది పాపం. అందుకే హక్కు వచ్చిందని రాసేటప్పుడు ఎవరికి వచ్చిందో కూడా రాయమంటున్నాను.

రెండు లైన్ల సవరణ వేయండి, చాలు.

- ఒక పాఠకురాలు, తెనాలి