పెద్ద బండి ఇరవై రోజులు షెడ్డులోనే

చీమకుర్తి ఫ్యాక్టరీల వాళ్లకీ, మన బండి మీద చెన్నైకి గ్రానైట్ స్లాబులు పంపే అందరికీ నమస్కారం. పది టైర్ల బండి కనపడట్లేదేమని నాలుగు రోజులుగా ఫోన్లు. లైన్లో ఉందని ఇద్దరికి చెప్పాను. అబద్ధం, క్షమించండి. బండి ఒంగోలు షెడ్డులో ఉంది, ఇంజిన్ దించేశాం.

మూడు నెలలుగా ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. చెన్నై పోయి వచ్చేలోపు రెండు లీటర్లు పోయాల్సిందే. లోడు మీద టంగుటూరు టోల్‌గేటు దగ్గర కదిలిస్తే వెనకంతా నీలం పొగ. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నేది. బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు అరిగిపోయాయని తెలిసీ, లోడ్లు పోతాయని నడిపాను.

మేస్త్రి కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) చూస్తే ఆరింట్లో వెనక రెండు సిలిండర్లే బాగా పడిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రెంటికీ లైనర్లు (సిలిండరు లోపలి గొట్టాలు), పిస్టన్లు, మిగతా నాలుగింటికి రింగులు, హెడ్డు పని. ఇంజిన్ దించక్కర్లేదు, ఐదు రోజులు, డెబ్బై వేలు. కానివ్వమన్నాను.

ఇంజిన్ కింద ఆయిల్ ఉండే సంపు విప్పాక కథ మారింది. క్రాంకు (పిస్టన్ల ఊపుతో తిరిగే ఇరుసు) బేరింగుల పైపూత అరిగిపోయి రాగి రంగు తేలింది. వేడి మీద స్లోలో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందకి పడిపోతుంటే మీటరు పాడైందనుకున్నాను కదా, పాడైంది మీటరు కాదు. "పైన కొత్తవి వేస్తే కంప్రెషన్ పెరిగి దెబ్బంతా కిందే పడుద్ది. ఈ బేరింగులు ఎన్నాళ్లు కాస్తాయన్నా?" అన్నాడు మేస్త్రి. బేరింగు పట్టేస్తే క్రాంకు పోతుంది. పిస్టన్ని క్రాంకుకి కలిపే రాడ్డు తెగిందా, బ్లాకు కూడా పగులుతుంది. పైగా బాగున్నాయనుకున్న నాలుగు లైనర్లలోనూ పైభాగాన గోటికి తగిలే మెట్టు ఉంది. గుండ్రం పోయిన బోరులో కొత్త రింగు ఒదగదు.

ఫుల్ ఇంజిన్‌కి రెండు లక్షల ఇరవై వేలు. పన్నెండేళ్ల బండికి అంత పెట్టాలా, అమ్మేద్దామా అని ఒక రాత్రి నిద్ర లేదు. ఈ స్థితిలో అమ్మితే ఇనప సామాను రేటే. గేర్‌బాక్సు, ఛాసిస్ గట్టిగా ఉన్నాయి, ఫైనాన్స్ తీరిపోయింది. సగం పని చేయించి ఆరు నెలలకు మళ్లీ విప్పితే ఆ డెబ్బై వేలూ బూడిదలో పోసినట్టే. అందుకే ఫుల్ పనికే కానిమ్మన్నాను, ఇంట్లో బంగారం బ్యాంకుకెళ్లింది.

ఇంత త్వరగా అరగడానికి కారణం కూడా చెప్పాలి. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపు చీలి ఉంది. క్వారీ దుమ్ము ఫిల్టర్‌తో పనిలేకుండా నేరుగా లోపలికి పోయింది. చిన్న పైపు. నేను చూసుకోలేదు.

క్రాంకు లేత్‌కి వెళ్లింది, పది సైజుకి గ్రైండింగ్, అంటే అరిగిన పైపొర చెక్కి నున్నగా చేయడం. అంతా కలిపి ఇరవై రోజులు. ఆ తర్వాత కూడా మొదటి రెండు వేల కిలోమీటర్లు సగం లోడే ఎక్కిస్తాను, తొక్కి నడపనివ్వను. తెల్లారేసరికి చెన్నైలో ఉండాలంటే అప్పట్లో కుదరదు. కిరాయి మాత్రం పాతదే.

చిన్న బండి తిరుగుతోంది, ముందే మాటిచ్చిన లోడ్లకే. మిగతావాళ్లు వేరే బండి చూసుకోండి, నేనేమీ అనుకోను. అడ్వాన్సులు ఎవర్నీ అడగను. పాత కిరాయి బాకీ ఉన్నవాళ్లు మాత్రం ఈ వారంలో సర్దితే లేత్ వాడికి ఇచ్చేస్తాను.