అనుమతి రాకముందు ఎక్స్‌రే మిషను దింపం: మా కస్టమర్లకు ఒక వివరణ

డాక్టరు గార్లకు, డయాగ్నస్టిక్ సెంటర్లు నడుపుతున్నవారికి నమస్కారమండి.

భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు నుంచి ఈమధ్య అందరూ ఒకే మాట అడుగుతున్నారు: "అడ్వాన్సు కట్టాం, గది సిద్ధం, ఇంకా మిషను దింపరేం?" రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ నుంచి మీ పేరున కొనుగోలు అనుమతి వచ్చేదాకా ఇకపై మా షాపు నుంచి ఏ ఎక్స్‌రే మిషనూ కదలదు. "ముందు దింపండి, కాగితాలు తర్వాత చూసుకుందాం" అంటే ఇన్నాళ్లూ మేమూ తలూపాం. అది మా తప్పే. మిషను దిగాక కిరణాన్ని ఆపడానికి గోడ చాలదని తేలితే ఖర్చు మీ మీద పడుతుంది, లైసెన్సు ఆగుతుంది, ఈలోగా తీసిన ప్రతి ఎక్స్‌రే అనుమతి లేకుండా తీసినట్టే లెక్క.

ఏఈఆర్‌బీ అంటే ముంబైలో ఉన్న అణుశక్తి నియంత్రణ మండలి. 1962 నాటి అణుశక్తి చట్టం కింద 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నియమాలు దీనికి ఆధారం. పళ్ల డాక్టరు గారి చిన్న ఎక్స్‌రే మొదలు సీ-ఆర్మ్, మామోగ్రఫీ, సీటీ, క్యాథ్‌ల్యాబ్ దాకా అన్నీ దీని కిందికే వస్తాయి. ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ రావు, వాటిలో ఎక్స్‌కిరణాలు లేవు. అల్ట్రాసౌండ్‌కు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద జిల్లాలో వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ సర్టిఫికెట్ గోడకు ఉంది కదా అని ఎక్స్‌రేకి చెల్లదండి.

పని అంతా ఈ-లోరా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. ముందు సంస్థ పేరున రిజిస్ట్రేషన్. తర్వాత సిబ్బంది వివరాలు, వాళ్లకు తగిలే రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీల ఏర్పాటు. ఆపైన కొనుగోలు అనుమతికి దరఖాస్తు. టైప్ అప్రూవల్, అంటే ఏఈఆర్‌బీ ఆమోదం, ఉన్న మోడల్‌కే అనుమతి వస్తుంది కాబట్టి, ధర తగ్గిందని ఎక్కడినుంచో పాత మిషను తెచ్చుకునే ముందు మోడల్ పేరు మాకు పంపండి, చూసి చెబుతాం. మిషను బిగించాక క్యూఏ (నాణ్యత) పరీక్ష, గది ప్లాను, రేడియేషన్ భద్రతాధికారి నియామకం జతచేసి లైసెన్సుకు పెట్టాలి. లైసెన్సు గడువు 5 ఏళ్లు.

ఇక్కడ మరో మాట ఒప్పుకోవాలి. చాలామంది ఖాతాలు మా షాపు మెయిల్‌తో, మా ఫోన్ నంబరుతో తెరిచాం. అప్పటికి సులువనిపించింది. కానీ ఏఈఆర్‌బీ పంపే నోటీసులు, గడువు హెచ్చరికలు మీకు చేరడం లేదు, బాధ్యత మాత్రం చట్టప్రకారం యజమానిగా మీదే. మా దగ్గరున్న పాస్‌వర్డులన్నీ మీకు అప్పగిస్తున్నాం. మెయిల్, ఫోన్ వెంటనే మార్చుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి, చిరునామాలో పాత జిల్లా ఉందేమో అదీ చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువగా ఆగేది గోడల దగ్గర. కిరణం నేరుగా తగిలే గోడ, అంటే ఛాతీ స్టాండు వెనక గోడ, 35 సెంటీమీటర్ల ఇటుక గోడ ఉండాలి. చెదిరిన కిరణాలు తగిలే మిగతా గోడలకు 23 సెంటీమీటర్లు, మన మేస్త్రి మాటల్లో తొమ్మిదంగుళాల గోడ. అద్దె భవనాల్లో గదుల మధ్య ఉండేది ఎక్కువగా నాలుగున్నర అంగుళాల గోడే. పైన టైల్స్ వేస్తే కంటికి తెలియదు, తలుపు గూడు దగ్గర టేపు పెట్టి కొలవాలి.

కొత్త భవనాల్లో ఇంకో చిక్కుంది. మన డెల్టా మెత్తటి నేల మీద బరువు తగ్గుతుందని ఏఏసీ అనే తేలికపాటి సిమెంటు దిమ్మలు వాడుతున్నారు. కొలిస్తే తొమ్మిదంగుళాలు ఉంటుంది. కానీ ఆ దిమ్మ ఘనపు మీటరుకు 600 కిలోల దరిదాపు, ఎర్ర ఇటుక 1600 పైమాటే. కిరణాన్ని ఆపేది గోడలోని పదార్థం, మందం ఒక్కటే కాదు. అలాంటి గోడకు లెడ్ (సీసం) షీటు గానీ బెరైట్స్ అనే బరువైన ఖనిజపు పూత గానీ వేయక తప్పదు. బెరైట్స్ మన రాష్ట్రంలోనే మంగంపేటలో దొరుకుతుంది. పూత మాత్రం పొరలు పొరలుగా వేసి, ఒక పొర ఆరాకే రెండోది వేయాలి. ఒకేసారి మందంగా కొడితే పగుళ్లిస్తుంది, పగులులోంచి కిరణం దూరుతుంది. వరద భయంతో మిషనును మేడ మీద పెట్టే లంక గ్రామాల వారు, కింద గదిలో మనుషులు ఉంటే శ్లాబు మందం కూడా ప్లానులో చూపాలి.

తలుపులకు 1.7 మిల్లీమీటర్ల సీసం సరిపోతుంది. కానీ తేడా వచ్చేది షీటు మందంలో కాదు, అంచుల్లో. సీసం మెత్తటి లోహం. పైన మాత్రమే మేకులు కొడితే తన బరువుకి తనే కిందికి జారుతుంది. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుని షీటు వదులవుతుంది. ఏడాది తిరిగేసరికి తలుపు పైఅంచున వేలెడు సందు కనిపిస్తుంది. అందుకే షీటును రెండు ప్లైవుడ్ పలకల మధ్య జిగురుతో బిగించమంటున్నాం. తలుపు మూసినప్పుడు సీసం చట్రం మీదికి ఎక్కి ఉండాలి, తాళం రంధ్రం వెనక చిన్న సీసపు ముక్క ఉండాలి. తలుపు పైన ఎర్ర దీపం, పక్కన "గర్భిణులు ముందుగా చెప్పండి" అని తెలుగులో బోర్డు మరవకండి.

క్యూఏ 2 ఏళ్లకోసారి. ట్యూబు మార్చినా, కిరణానికి సంబంధించిన ఏ రిపేరు చేసినా మళ్లీ చేయించాలి. ఏఈఆర్‌బీ అధికారం ఉన్న ఏజెన్సీ వాళ్లు మిషను దగ్గరికి వచ్చి మీటరు పెట్టి చూడాలి. పాత అంకెలు దించి రిపోర్టు ఇప్పించమని అడిగితే ఇప్పించలేమండి, అది రోగి ఒంటి మీద పడే డోసు లెక్క. ఎక్కువగా తప్పేది లైటు వెలుగూ కిరణం పడే చోటూ కలవకపోవడం. కిరణానికి హద్దు కట్టే కొలిమేటర్‌లో బల్బు మార్చినప్పుడు లోపలి అద్దం కాస్త కదిలితే చాలు. మీరే చూసుకోవచ్చు: ట్యూబు నుంచి 100 సెంటీమీటర్ల దూరంలో క్యాసెట్ పెట్టి, లైటు నాలుగు అంచుల దగ్గరా అంచుకు తగిలేలా లోపల ఒకటి, బయట ఒకటి రూపాయి బిళ్లలు ఉంచి తక్కువ డోసుతో ఒక ఎక్స్‌పోజర్ ఇవ్వండి. కిరణం అంచు రెండు బిళ్లలూ కలిసే చోటు నుంచి 2 సెంటీమీటర్లు దాటి పక్కకు పోతే ఫోన్ చేయండి. ఇంకోటి, చెరువుల్లో గాలి ఆడించే ఏరియేటర్లు తిరిగే వేళ వోల్టేజి పడే ఊళ్లలో పాత మిషన్ల కేవీ (ట్యూబు వోల్టేజి) తగ్గి ఫిల్ము పలచబడుతుంది. ట్యూబు పోయిందనుకునే ముందు లైను వోల్టేజి చూడండి.

టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీద, సీసపు యాప్రాన్ లోపల పెట్టుకోవాలి. పని అయ్యాక యాప్రాన్‌తోపాటు ఎక్స్‌రే గదిలోనే కొక్కేనికి తగిలిస్తే మనిషికి తగలని డోసు కూడా అందులో పడుతుంది, ఆనక సంజాయిషీ రాసుకోవాలి. ఎవరూ పెట్టుకోకుండా, పోల్చి చూడటానికి ఉంచే కంట్రోల్ బ్యాడ్జిని గదికి దూరంగా ఉంచండి. మూడు నెలలకోసారి తప్పక పంపండి. ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టుల డోసు పరిమితిని లెక్కించేది ఆ బ్యాడ్జితోనే. యాప్రాన్ మడవకండి, మడత దగ్గరే సీసం పొర చిట్లుతుంది.

పాత మిషను అమ్మినా, తీసేసినా ఈ-లోరాలో చూపించాలి. లేకపోతే అది ఎక్కడున్నా మీ పేరునే ఉంటుంది. పాత ఇనుము కొనేవారికి నేరుగా ఇవ్వకండి.

కొత్తగా ఆర్డరు పెట్టేవారు అడ్వాన్సు కంటే ముందు గది ప్లాను గీసి పంపండి. పొడవు, వెడల్పు, ఒక్కో గోడ మందం, ఇటుకో దిమ్మో రాయండి. ప్రతి గోడ అవతల ఎవరు కూర్చుంటారో, రోజుకు ఎంతసేపు కూర్చుంటారో కూడా రాయండి.