ఎడిన్‌బరోకు ఒక్క రోజు చాలు, బస గ్లాస్గోలోనే

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. అమ్మనూ చెల్లెమ్మనూ వెంటబెట్టుకుని ఆగస్టులో వస్తున్నావంటే మాకు పండగే. కానీ నువ్వు వేసుకున్న పథకం మాత్రం నాకు ఒక పట్టాన మింగుడు పడలేదు. స్కాట్లాండ్‌లో ఉండే నాలుగు రోజులూ ఎడిన్‌బరోలోనే ఉంటావా? అదీ ఆగస్టులోనా? 1947లో మొదలైన కళోత్సవాలు ఏటా ఆ నెలలోనే జరుగుతాయి. ఊరంతా నాటకాలు, పాటలు, గారడీలు. రాయల్ మైల్ అనే పెద్ద వీధి మీద గోదావరి పుష్కరాల రేవులో ఉన్నంత జనం. గది అద్దె ఎంతో కనుక్కున్నావా? కనుక్కుని ఉంటే నాలుగు రోజులని రాసేవాడివి కాదు. పైగా అమ్మ మోకాళ్ల సంగతి నువ్వే చెప్పావు. ఎడిన్‌బరో అంటే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం.

కాబట్టి నా మాట విను. గది తీసుకోకు, మా ఇంట్లో దిగండి. గ్లాస్గోలో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపే ఎడిన్‌బరోలో ఉంటావు. ఒక రోజు అక్కడికి పోయి కోట చూసి రండి. మిగిలిన రోజులు ఇక్కడ. ఇలా అంటున్నది నేను ఇక్కడ ఉంటున్నాననే అభిమానంతో కాదు. సరే, కొంత అభిమానం ఉందిలే. కానీ అసలు కారణం వేరు. ఎడిన్‌బరోలో రాజులు, రాణులు, కిరీటాలు కనిపిస్తాయి. ఆ వైభవానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చెమట కరిగి వచ్చింది అన్నది తెలియాలంటే గ్లాస్గో వీధుల్లో తిరగాలి. అందులో మన పద్దు కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు ఎడిన్‌బరో సంగతి తేల్చేద్దాం. కోటకు టిక్కెట్టు ముందే కొనిపెట్టుకో, ఆ నెలలో అప్పటికప్పుడు దొరకడం కష్టం. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ ఫిరంగి పేలుస్తారు, ఆదివారం తప్ప. లీత్ రేవులో ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికని 1861లో మొదలుపెట్టారు, ఇప్పటికీ మానలేదు. అమ్మకు ముందే చెప్పు, లేకపోతే ఉలిక్కిపడుతుంది. స్కాట్లాండ్ కిరీటం, రాజదండం, ఖడ్గం చూడండి. పాత పుస్తకాల్లో పట్టాభిషేకశిల కూడా అక్కడే అని ఉంటుంది. దాని కోసం వెతక్కండి, 2024లో దాన్ని పెర్త్ మ్యూజియానికి తరలించారు.

ఆ రాయి కథ తెలుసా నీకు? స్కాట్ రాజులకు పట్టాభిషేకం చేసేటప్పుడు వాడే రాయి అది. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఎత్తుకుపోయి లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సింహాసనం కింద అమర్చాడు. ఆరున్నర శతాబ్దాలు దాటాక, 1950 క్రిస్మస్ నాడు తెల్లవారకముందే, గ్లాస్గో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న ఇయన్ హామిల్టన్, ఇంకో ముగ్గురు స్నేహితులు లోపల దూరి దాన్ని లాక్కొచ్చారు. లాగేటప్పుడు అది రెండు ముక్కలైంది. గ్లాస్గోలోనే ఒక శిల్పి అతికించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆర్‌బ్రోత్ ఆబీలో వదిలిపెట్టారు. దేశమంతా గాలించిన ప్రభుత్వం చివరికి వాళ్ల మీద కేసే నడపలేదు. నడిపితే ఇక్కడి జనం వాళ్లను వీరులను చేసి ఊరేగిస్తారని భయం కాబోలు. 1996లో ఆ రాయిని అధికారికంగానే స్కాట్లాండ్‌కు తిరిగి ఇచ్చారు. హాస్టల్లో వార్డెన్ గది కిటికీ తీయడానికే మనం వారం రోజులు పథకాలు వేశాం, గుర్తుందా?

ఇక గ్లాస్గో. మొదట కేథడ్రల్‌కు తీసుకెళ్తాను. ప్రవేశం ఉచితం. 1136లో అంకితం చేసిన చోట తర్వాతి శతాబ్దాల్లో కట్టుకుంటూ పోయిన గుడి. 1560లో ప్రొటెస్టెంట్ మతసంస్కరణ వచ్చినప్పుడు దేశంలో ఎన్నో పెద్ద చర్చిలు పాడుబడ్డాయి. ఇది మాత్రం దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది. ఊళ్లోని వృత్తిసంఘాలవాళ్లు అడ్డంగా నిలబడి కాపాడుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. లోపలికి వెళ్లగానే పైకి చూస్తావు, అందరూ అలాగే చూస్తారు. కానీ నాకు నచ్చేది కింది అంతస్తు. అడవిలా లావుపాటి స్తంభాలు, వాటి మధ్య సెయింట్ మంగో సమాధి. ఈ ఊరికి ఆయనే ఇలవేల్పు.

గ్లాస్గో నగర చిహ్నంలో పక్షి, చెట్టు, గంట, చేప ఉంటాయి. నాలుగూ మంగో మహిమలే. వీధి దీపస్తంభాల మీద కూడా కనిపిస్తాయి, చూడు, ఆ చేప నోట్లో ఒక ఉంగరం ఉంటుంది. చెల్లెమ్మ తెలుగు టీచరు కదా, ఆమెకు ఈ కథ తప్పకుండా చెప్పు. రాజు రాణికి ఉంగరం ఇచ్చాడు. రాణి దాన్ని ఒక సైనికుడికి ఇచ్చింది. ఎందుకిచ్చిందో నేను చెప్పనక్కర్లేదు. వేటకు వెళ్లినప్పుడు ఆ సైనికుడు నిద్రపోతుంటే రాజు అతని వేలికి తన ఉంగరం చూశాడు. నెమ్మదిగా తీసి క్లైడ్ నదిలో విసిరేశాడు. ఇంటికి వచ్చి రాణిని అడిగాడు, నా ఉంగరం ఏదీ అని. రాణి గుండె జారిపోయింది. మంగోకు కబురు పెట్టింది. ఆయన ఒక శిష్యుణ్ని నదికి పంపి, మొదట చిక్కిన చేపను తెమ్మన్నాడు. కడుపు కోస్తే ఉంగరం! మన శకుంతల ఉంగరం పోగొట్టుకుని అన్యాయంగా నింద మోసింది, చేప దొరికాక గాని నిజం బయటపడలేదు. ఇక్కడి రాణికి నిజంగానే తప్పుంది, చేప దొరకడంతో అది కప్పబడిపోయింది. సాధువులు ఎవరి పక్షాన ఉంటారో చెప్పలేం. కేథడ్రల్ నుంచి హై స్ట్రీట్‌లో కిందికి నడిస్తే ఒక ఇంటి పక్కగోడ నిండా మంగో బొమ్మ ఉంది. ఉన్ని టోపీ పెట్టుకున్న ఈ కాలపు మనిషి, చేతిలో రాబిన్ పిట్ట. అక్కడ ఒక ఫోటో తీసుకుందాం.

కేథడ్రల్ వెనకే నెక్రోపోలిస్. అంటే శ్మశానమే. అమ్మ తిడుతుందని తెలుసు, ఆమెను ఎదురుగా ఉన్న 1471 నాటి ఇల్లు చూపించడానికి మా ఆవిడతో పంపిద్దాం. నువ్వు మాత్రం నాతో గుట్ట ఎక్కాల్సిందే. 1833లో మొదలైన ఈ శ్మశానంలో సుమారు 50,000 మందిని పూడ్చారు, స్మారకాలు మాత్రం 3,500 దాకానే ఉన్నాయి. ఎవరికి గుడి కట్టారో, ఎవరిని పేరు లేకుండా మట్టిలో కలిపారో ఆ లెక్కే చెబుతుంది. పై నుంచి ఊరంతా కనిపిస్తుంది.

ఆ గుళ్లలాంటి సమాధులు కట్టించుకున్న వ్యాపారుల తాతల వైభవం చూడాలంటే ఇక్కడే మర్చంట్ సిటీ అనే పేటకు రావాలి. బుకానన్, గ్లాస్‌ఫర్డ్, ఇంగ్రమ్: వీధుల పేర్లన్నీ పద్దెనిమిదో శతాబ్దంలో పొగాకు వ్యాపారం చేసి బలిసినవాళ్లవే. ఆ పొగాకు అమెరికాలో బానిసలు పండించింది. వర్జీనియా స్ట్రీట్, జమైకా స్ట్రీట్ అని కూడా ఉన్నాయి, దాచుకోలేదు. 2022లో నగరపాలక మండలి బానిస వ్యాపారంలో ఊరికున్న పాత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మన గుంటూరు వైపు పొగాకు బేరన్లు తెలిసినవాడివి, నీకు ఈ వీధులు బాగా అర్థమవుతాయి.

అలాంటి ఒక పొగాకు దొర కన్నింగ్‌హామ్ 1778లో కట్టించుకున్న మేడలోనే ఇప్పుడు ఆధునిక కళల గ్యాలరీ ఉంది. దాని ముందు గుర్రం మీద డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ విగ్రహం. నెపోలియన్‌ను ఓడించిన మహావీరుడు. నెత్తి మీద ఏముంటుందో తెలుసా? రోడ్డు పనులప్పుడు పెట్టే ట్రాఫిక్ కోను. రాత్రిపూట ఎవరో ఎక్కి పెడతారు, అధికారులు తీయిస్తారు, మళ్లీ ఎవరో పెడతారు. 2013లో దిమ్మె ఎత్తు పెంచుదామని నగరపాలకులు అనుకుంటే జనం ఊరుకోలేదు, ఆ ఆలోచన మానుకున్నారు. ఈ వెల్లింగ్టనే 1799లో, ఇంకా ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్నప్పుడు, టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన హైదరాబాదు నిజాం సేన వెంట నడిచినవాడు. అందుకే ఆ కోను చూస్తే నాకు కొంచెం ఎక్కువ సంతోషం.

నిజాం మాట వచ్చింది కాబట్టి కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం. 1901 నాటి ఎర్రరాతి భవనం, ఇదీ ఉచితమే. 2022 ఆగస్టులో ఈ భవనంలోనే ఒక ఒప్పందం జరిగింది: గ్లాస్గో మ్యూజియాలు ఏడు వస్తువులను భారతదేశానికి తిరిగి ఇస్తామన్నాయి. వాటిలో ఆరు వస్తువులు గుళ్ల నుంచి, పుణ్యస్థలాల నుంచి పోయినవి. ఏడోది ఒక తల్వార్, హైదరాబాదుది! పాము ఆకారం, రంపపు అంచు, మీద బంగారుపనిలో ఏనుగు, పులులు. 1903 ఢిల్లీ దర్బారులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రదర్శించాడని భావిస్తున్న కత్తి అది. 1905లో దీవాన్ కిషన్ పర్షాద్ దగ్గర జనరల్ హంటర్ అనే అధికారి కొన్నాడని మ్యూజియం దస్త్రాల్లో ఉంది. తీరా చూస్తే అది దొంగసొత్తని తేలింది. హైదరాబాదులో ఇన్నేళ్లు ఉద్యోగం చేశావు, ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా ఈ సంగతి?

అదే మ్యూజియంలో సర్ రోజర్ అనే ఏనుగు ఉంది, చచ్చాక తోలులో కూరి నిలబెట్టినది. ఇక్కడి జంతుప్రదర్శనశాలలో ఉండేది. మదమెక్కి లొంగకపోయేసరికి 1900లో పొద్దున్నే మేత తింటుండగా కాల్చేశారు. పిల్లలందరికీ అదంటే ప్రాణం. దాని నెత్తికి పైన ఒక యుద్ధ విమానం వేలాడుతూ ఉంటుంది. ఏమి పొందికో! మధ్యాహ్నం పెద్ద ఆర్గన్ వాయిస్తారు. అమ్మను అప్పుడు ఒక కుర్చీలో కూర్చోబెడితే మోకాళ్లకు విశ్రాంతి, చెవులకు పండగ.

మనిద్దరి కోసం ఒక గంట దాచిపెట్టాను. కాకినాడలో పరీక్షల ముందు రాత్రి మనం గీసిన న్యూకొమెన్ ఆవిరియంత్రం బొమ్మ గుర్తుందా? అలాంటి యంత్రం చిన్న నమూనా చెడిపోతే విశ్వవిద్యాలయంవాళ్లు బాగుచేయమని 1763లో జేమ్స్ వాట్‌కు ఇచ్చారు. సరిగ్గా ఆ నమూనాయే హంటేరియన్ మ్యూజియంలో ఉంది. ఒక్కో దెబ్బకు సిలిండరును చల్లార్చి మళ్లీ వేడిచేయడంలో ఆవిరంతా వృథా అవుతోందని వాట్ పట్టుకున్నాడు. 1765లో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్‌లో నడుస్తుండగా తట్టిందట, ఆవిరిని వేరే పాత్రలో చల్లారిస్తే సరిపోతుందని. ఆ చోట ఒక గుండురాయి పెట్టారు. ఆ మైదానంలోనే 1888 నాటి టెర్రకోటా ఫౌంటెన్ ఉంది, విక్టోరియా రాణి సామ్రాజ్యాన్ని పొగుడుతూ కట్టింది. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలతో పాటు మన దేశానికీ అందులో ఒక గూడు. దాని దగ్గరే వెనిస్ రాజభవనంలా రంగురంగుల ఇటుకలతో తివాచీల ఫ్యాక్టరీ. 1889లో అది కడుతుండగా గోడ కూలి పక్క షెడ్డులో నేస్తున్న 29 మంది ఆడవాళ్లు చనిపోయారు. అంత అందమైన గోడ ముందు నిలబడి ఈ మాట చెప్పకుండా ఉండలేను.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం చాలా చిన్నది: టెనిమెంట్ హౌస్, అంటే పాతకాలపు వాటాల మేడలో ఒక వాటా. దీనికి టిక్కెట్టుంది, మెట్లూ ఉన్నాయి, అయినా అమ్మను నెమ్మదిగా తీసుకెళ్దాం, ఆమె కోసమే చెబుతున్నాను. ఆగ్నెస్ టావర్డ్ అనే షార్ట్‌హ్యాండ్ టైపిస్టు తల్లితో కలిసి 1911లో ఈ వాటాలో దిగింది. 1965 దాకా అక్కడే ఉంది. ఏదీ పారేయలేదు, పెద్దగా ఏదీ మార్చలేదు. గ్యాస్ దీపాలు, నల్లటి ఇనప పొయ్యి, పక్కనే బొగ్గు పోసుకునే పెట్టె. వంటింటి గోడలో గూడులా తొలిచిన చోట మంచం, పొయ్యి వెచ్చదనం వృథా కాకుండా. ఆమె దాచుకున్న రసీదులు, ఉత్తరాలు, వంటల చీటీలు. అల్మరాలో ఆమె పెట్టిన జామ్ సీసా, మీద తేదీ 1929. అమ్మ దాన్ని చూసి ఏమంటుందో వినాలని ఉంది నాకు. ఆమె ఆవకాయ జాడీల మీద ఏ ఏడాదిదో బొగ్గుతో రాసేది కదా.

తిరగడానికి సబ్‌వే చాలు. 1896లో మొదలైంది, లండన్, బుడాపెస్ట్‌ల తర్వాత ఇదే పాతది. పదిహేను స్టేషన్లు, ఒకటే వలయం. నిద్రపోయినా మళ్లీ ఎక్కినచోటికే వస్తావు. భోజనం గురించి దిగులు వద్దు, అమ్మకు పెరుగన్నం ఇంట్లో ఉంటుంది. నీకు మాత్రం చికెన్ టిక్కా మసాలా తినిపిస్తాను. అది తమ ఊళ్లోనే పుట్టిందని గ్లాస్గోవాళ్ల వాదన, 2009లో పార్లమెంటు దాకా తీసుకెళ్లారు. పంజాబీలు, బ్రిటిషువాళ్లు కొట్టుకు చస్తారు, మనకెందుకు, తిందాం.

గొడుగులు తేకు, ఇక్కడి గాలికి తిరగబడతాయి. ముగ్గురికీ తల దాకా కప్పే రెయిన్‌కోట్లు కొను, ఆగస్టైనా సరే. అమ్మకు జారని బూట్లు, చీర మీద వేసుకునే ఉన్ని కోటు. ఏ మ్యూజియం ఏ రోజు మూసి ఉంటుందో నేను చూసుకుంటాను. రైలు ఏ పూట దిగుతుందో రాయి, స్టేషన్‌కు వస్తాను. ఎడిన్‌బరోలో గది ఇప్పటికే తీసుకుని ఉంటే ఈ రోజే రద్దు చేయి.

నీ
సుధాకర్