బుధవారం ఒక గంట ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పాలమూరు వైపు ఒక పల్లెలో ముప్పై ఏళ్లు పోస్టు సంచి మోసి దిగిపోయినవాణ్ణి నేను. కొడుకూ కోడలూ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోతారు. వాళ్ల పిల్లవాడు మా దగ్గరే ఉంటాడు. వాడికిప్పుడు రెండేళ్ల పది నెలలు.

ఏడాది దాటినా వాడు కూర్చోలేదు. "మగపిల్లలు లేటుగానే నడుస్తారు, వాళ్ల నాయన మాత్రం తొందరగా నడిచాడా" అన్నారు ఊళ్లో. నేనూ అన్నాను, అబద్ధమెందుకు. సూది వేయించడానికి పోయినప్పుడల్లా మా ఆవిడ అడిగేది, అక్కడా "ఎదుగుతాడులే" అనేవారు. చివరికి అంగన్‌వాడీకి పిల్లల ఆరోగ్యం పరీక్షించే సర్కారు బాల స్వాస్థ్య వ్యాను వచ్చింది. అందులోని డాక్టరమ్మ వాణ్ణి చంకల కింద పట్టి నిలబెట్టబోతే కాళ్లు రెండూ కత్తెరలా పెనవేసుకున్నాయి. అప్పటికప్పుడే చీటీ రాసిచ్చింది. 2013లో మొదలైన ఈ పథకం కింద వ్యాను ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. అంతకు ముందుసారి వచ్చిన రోజు మావాడికి జ్వరమని పంపలేదు. ఆరు నెలలు అట్లా పోయాయి.

జిల్లా కేంద్రంలో, ఇట్లాంటి పిల్లలను చూసే చోట, చూసి సెరిబ్రల్ పాల్సీ అన్నారు, మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు పట్టు తప్పే జబ్బు. ఫిజియోథెరపీ చేసే ఆయన మాకు ఓపిగ్గా నేర్పాడు. బొంత చుట్టి కాళ్ల మధ్య పెట్టి, గోడ మూలకు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. గిన్నెలో మరమరాలు పోసి ఎడమ చేత్తోనే తీయించాలి. రెండు నెలల్లో ఆసరా లేకుండా కూర్చున్నాడు. మా ఆవిడ ఊరంతా తిరిగి చెప్పుకొచ్చింది. తరువాత ఆయన బదిలీ అయ్యాడో, మానేశాడో, ఆ కుర్చీ ఖాళీ. పిల్లవాణ్ణి భుజానేసుకుని రెండు బస్సులు మారి మూడుసార్లు పోయి, తాళం చూసి తిరిగొచ్చాం. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యాన మా ఆవిడకు టికెట్ లేదు, నాకొక్కడికే. ఆ డబ్బుల గురించి కాదు నా బాధ. ఈ మూడు నెలల్లో వాడి మడమలు మళ్లీ పైకి లేచాయి.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థలో 2021లో చిన్నపిల్లల కోసం ప్రత్యేక కేంద్రం తెరిచారు. మా కొడుకు ఒకసారి తీసుకెళ్లి చూపించాడు. అన్నీ ఒకేచోట చూస్తారు, తల్లికీ నేర్పుతారు, చాలా బాగుందన్నాడు. కానీ వారం వారం తిప్పాలంటే ఇద్దరిలో ఒకరి కూలి పోతుంది.

అసలు సంగతేమిటంటే, మా మండలంలోనే భవిత కేంద్రం ఉంది, దివ్యాంగ పిల్లల కోసం సర్కారు నడిపేది. ప్రతి బుధవారం అక్కడికి ఫిజియోథెరపిస్టు వస్తారు. వాణ్ణి తీసుకుపోతే, "బడిలో పేరుండాలి తాతా, ఆరేళ్లు నిండాక తీసుకురా" అన్నారు. వాళ్లను తప్పుపట్టను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే ఉచిత చదువును 6 నుంచి 18 ఏళ్ల వాళ్లకని రాసింది. మెదడు గబగబా పెరిగేది మొదటి మూడేళ్లలోనేనని ఆ వ్యాను డాక్టరమ్మ చెప్పింది మరి. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దివ్యాంగ పిల్లల విషయంలో అంగన్‌వాడీలు ఏం చేయాలో కూడా రాసిచ్చింది, పిల్లలను గుర్తించి పైకి పంపమని. మా టీచరమ్మ గుర్తిస్తుంది, పంపుతుంది కూడా. ఎక్కడికి పోవాలి?

నేను కొత్త బిల్డింగు అడగడం లేదు. జిల్లా కేంద్రంలో ఆ కుర్చీ నింపండి. అది అయ్యేదాకా భవిత కేంద్రంలో బుధవారం ఒక గంట, బడిలో పేరు లేని పిల్లలకు ఇవ్వండి. ఇట్లాంటి పిల్లలు మండలంలో ఇంకో నలుగురున్నారని ఆశా కార్యకర్త చెప్పింది. మావాడికి ఆరేళ్లు నిండడానికి ఇంకా మూడేళ్ల రెండు నెలలు. క్యాలెండరు ముందేసుకుని లెక్కపెట్టాను, 165 బుధవారాలు.

– రిటైరైన పోస్టుమాన్, పాలమూరు