లొకేషన్ ఆఫ్ చేశాను, ఇప్పుడేం చెయ్యమంటారు?

విజయనగరం

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: ఫోన్‌లో ఛార్జింగ్ నిలవకపోవడం, మీరు మాట వినకపోవడం. రెండోదే ముఖ్యం.

అయ్యా,

నేను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌ని. బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం, సాలూరు అంటూ రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం. డాక్టరు గారి క్లినిక్ దగ్గర నిలబడి యాప్‌లో హాజరు వేస్తేనే ఆ విజిట్‌ని మా ఆఫీసు లెక్కేస్తుంది. అంటే లొకేషన్ ఆన్‌లో ఉండి తీరాలి. మీ ఫోనేమో భోజనాల వేళకే ఆరిపోతోంది. ఫోన్ సంగతి ఇంతే, ఇంతకుమించి రాయను. వస్తువన్నాక పాడవుతుంది, దాని మీద నాకు కోపం లేదు.

కోపమల్లా మీ మీదే.

మొదట ఫోన్ చేశాను. నా కాల్ మీకు ఎంతో ముఖ్యమని ఒకావిడ చెప్పి, పాట పెట్టి వెళ్లిపోయింది. తెలుగుకి నొక్కమన్న నంబరే నొక్కాను, వచ్చినాయన హిందీలో మాట్లాడాడు. నాకొచ్చిన ముక్కల్లో చెప్పుకున్నాను. మొత్తం విని, "లొకేషన్ ఆఫ్ కర్ దీజియే" అన్నాడు. కాసేపటికి మెసేజ్ వచ్చింది, నాకు దగ్గర్లో ఉన్న మీ సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందట! విజయనగరం వేరు, విజయవాడ వేరు అని మళ్లీ ఫోన్ చేసి చెబితే, "అదే కదా సార్" అన్నారు. నా లొకేషన్ ఆన్‌లో ఉన్నా మీకు ప్రయోజనం లేదని అప్పుడే అర్థమైంది.

సరే, ఊళ్లో ఉన్న మీ సెంటర్‌కే వెళ్లాను. టోకెన్ తీసుకుని గంటలు కూర్చున్నాక అద్దం వెనకాల కుర్రాడు పిలిచాడు. కవర్ కూడా తియ్యలేదు. స్క్రీన్ మీద నుంచి కిందికి వేలితో లాగి, లొకేషన్ గుర్తు మీద ఒక్కసారి నొక్కి, ఫోన్ నా వైపు తోసేశాడు. "ఆన్‌లో ఉంటే ఛార్జింగ్ తినేస్తాది సార్, అయిపోయింది" అన్నాడు. నేను లేవకముందే తర్వాతి టోకెన్ పిలిచాడు. నేనింకా మెట్లు దిగుతుండగానే మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఐదు స్టార్లు ఇవ్వండి. ఆ ధైర్యానికి నిజంగానే ఇవ్వొచ్చు.

ఇంతకీ, ఆ బటన్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన బ్యాటరీ అయిపోదు. ఫోన్లు తయారు చేసేవాళ్లు మీరు, ఈ మాట నేను చెప్పాల్సి వస్తోంది. ఏదో ఒక యాప్ అడిగినప్పుడే జీపీఎస్ పని చేస్తుంది. ఎక్కడో 20,000 కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలకు ఫోన్ ఏమీ పంపదు, వాటి నుంచి వచ్చేది వింటుంది, అంతే. మ్యాప్ పెట్టుకుని స్క్రీన్ వెలుగుతూ గంటల తరబడి వెళితే బ్యాటరీ తగ్గుతుంది, కాదనను. ఏదైనా యాప్ వెనకాల దాక్కుని అస్తమానం లొకేషన్ అడుగుతున్నా తగ్గుతుంది. అందుకే కదా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, ఏ యాప్‌కి లొకేషన్ ఎప్పుడూ ఇవ్వాలి, దేనికి వాడుతున్నప్పుడు మాత్రమే ఇవ్వాలి అని విడివిడిగా పెట్టుకునే వీలొచ్చింది. నేను అన్నిటికీ వాడుతున్నప్పుడు మాత్రమే అని పెట్టాను. సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత ఛార్జింగ్ తింటోందో చూపే బ్యాటరీ పేజీ తెరిస్తే మా హాజరు యాప్ ఎక్కడో అడుగున ఉంది. అయినా ఎందుకైనా మంచిదని రాత్రి పడుకునే ముందు లొకేషన్ ఆపి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూశాను. తెల్లారేసరికి సగం ఛార్జింగ్ లేదు. రాత్రంతా ఎవరు తిన్నట్టండీ?

మీ వాళ్లలో ఒక్కరైనా ఆ బ్యాటరీ పేజీ చూపించమని అడిగారా? సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో తిరుగుతారా, అక్కడ టవర్ కోసం వెతుక్కుంటూ ఫోన్ ఎక్కువ ఖర్చు చేస్తుందేమో అని అడిగారా? వేడెక్కుతోందా అని తాకి చూశారా? ఏమీ లేదు. చాట్‌లో రాసినా, మెయిల్ పెట్టినా, ఎక్కడికెళ్లినా అదే మంత్రం. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కూడా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి ఆగుతుంది, నా ఫిర్యాదుకి ఆ భాగ్యం లేదు.

ఈ ఫోన్ అమ్మినప్పుడు మీ సేల్స్ అమ్మాయి ఏం చెప్పిందో గుర్తుంది. పోయినా ఎక్కడుందో మ్యాప్‌లో కనిపెట్టుకోవచ్చు సార్ అంది. లొకేషన్ ఆఫ్‌లో పెట్టుకుని ఎలా కనిపెట్టుకోవాలో ఆవిడనే అడిగి చెప్పండి.

మా ఇంట్లో అందరి చేతుల్లోనూ మీ ఫోన్లే. మా నాన్నగారి బటన్ ఫోన్ మాన్పించి మీదే కొనిచ్చాను. మా బావమరిది వేరే కంపెనీది కొంటానంటే వాదించి మరీ మాన్పించాను, ఇప్పుడు వాడు ఫోన్ చేసినప్పుడల్లా "బావా, ఛార్జింగ్ ఉందా?" అని మొదలెడుతున్నాడు. మందుల షాపుల వాళ్లు ఏ ఫోన్ కొనాలని నన్నే అడుగుతారు. ఇకమీదట ఏం చెబుతానో మీకు తెలుసు.

వారంటీ అయిపోయేదాకా సాగదీద్దామని మీ ఆలోచన అయితే ఒకటి గుర్తుంచుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే కేసు వెయ్యొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు కూడా లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ మా ఊళ్లోనే ఉంది, విజయవాడ వెళ్లాల్సిన పని నాకు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత అక్కడికే. అప్పుడు బ్యాటరీ ఒక్కటీ సరిపోదు. పోయిన విజిట్లు, పడ్డ టెన్షన్, మీ పాటలు వింటూ పాడుచేసుకున్న టైము, అన్నీ కలిపి అడుగుతాను.

అంతదాకా రాకూడదనుకుంటే, ఎవరైనా ఒక మనిషి ఫోన్ విప్పి చూసి, ఏం పోయిందో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి. మార్చాల్సింది మార్చండి. జవాబు తెలుగులో రాయండి. అందులో లొకేషన్ అనే మాట కనబడితే ఆ కాగితాన్నే కమిషన్‌కి మొదటి సాక్ష్యంగా పెడతాను.

ఇట్లు,
ఇప్పటికింకా మీ కస్టమర్