తుపాకీకి ఒక న్యాయం, కలానికి ఇంకొకటా?

ఆఫ్రికన్ యూనియన్ కమిషన్ ఛైర్మన్ మహమూద్ అలీ యూసుఫ్ గారికి,
అడిస్ అబాబా.

నమస్కారం.

మీ సంస్థ 2007లో ఆమోదించిన ప్రజాస్వామ్య చార్టర్‌లో 23వ అధికరణం ఉంది. రాజ్యాంగ విరుద్ధంగా ప్రభుత్వాన్ని మార్చడమంటే ఏమిటో అది అయిదు రకాలుగా చెబుతుంది. మొదటిది సైనిక కుట్ర. అయిదోది, ప్రజాస్వామిక అధికార మార్పిడికి గండి కొట్టేలా రాజ్యాంగాన్ని సవరించుకోవడం. మొదటిదాన్ని మీవాళ్లు కంఠస్థం చేశారు. అయిదోది మడత విప్పని పట్టుచీరలా పెట్టెలోనే ఉండిపోయింది.

గినీ సంగతే చూడండి. 2010లో గెలిచిన ఆల్ఫా కొండేకు రాజ్యాంగం రెండు దఫాలే ఇచ్చింది. 2020 మార్చిలో ఆయన రెఫరెండం పెట్టి కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నారు. దాంతో పాత లెక్క చెరిగిపోయింది. వీధుల్లో నిరసనకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్టోబరులో, 82 ఏళ్ల వయసులో, ఆయన మూడోసారి నెగ్గారు. అప్పుడు గినీ మీ సభ్యదేశంగా నిక్షేపంగా కొనసాగింది. 2021 సెప్టెంబరు 5న కల్నల్ మమాది దుంబుయా ఆయన్ను దించగానే, వారం తిరగకముందే గినీని మీవాళ్లు సస్పెండ్ చేశారు. దుంబుయా కూడా పాఠం బాగానే నేర్చుకున్నారు. తన సైనిక ప్రభుత్వపు తాత్కాలిక పాలనకు నియమావళి అయిన సంధికాలపు చార్టర్ తన పోటీకి ఒప్పుకోదు కనుక 2025లో కొత్త రాజ్యాంగమే తెచ్చి, అధ్యక్ష ఎన్నికలో తానే నిలబడ్డారు.

కామెరూన్‌లో 1982 నుంచి ఉన్న పాల్ బియా 2008లో దఫాల పరిమితి ఎత్తేసి, 92 ఏళ్లకు మళ్లీ గెలిచారు. టోగోలో 1967 నుంచి తండ్రీకొడుకులదే పాలన.

మేము సుద్దపూసలమని కాదు. ఎమర్జెన్సీలో మా పార్లమెంటు 42వ సవరణతో లోక్‌సభ గడువును అయిదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచుకుంది. 1977లో ఉత్తరాది ఆ కాంగ్రెస్ ప్రభుత్వాన్ని ఊడ్చేస్తే, మా ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 ఆ పార్టీకే కట్టబెట్టింది! అందుకే ఓటర్లే చూసుకుంటారులే అని నేను మీకు చెప్పలేను.

మీరు 2025లో పదవిలోకి వచ్చారు. పాత మౌనాలు మీవి కావు. కానీ జింబాబ్వే మీ కాలంలోనిదే. 2028లో ముగియాల్సిన అధ్యక్షుడు మనంగాగ్వా పదవీకాలాన్ని 2030 దాకా లాగాలని ఆయన పార్టీ తీర్మానించింది. అలాంటి సవరణ అప్పటికే కుర్చీలో ఉన్నవారికి వర్తించదని ఆ దేశపు 2013 రాజ్యాంగమే అంటోంది. శాంతికి, స్థిరత్వానికి ముప్పు అని మీకు తోచిన ఏ విషయాన్నయినా మీ యూనియన్ శాంతి భద్రతల మండలి దృష్టికి తెచ్చే అధికారం మీకుంది. ఆ దేశ రాజధాని హరారేలో సైనికులు బ్యారక్‌లు దాటేదాకా ఆగకుండా, దీన్ని ఇప్పుడే ఆ మండలి ముందు పెట్టండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక రాజనీతిశాస్త్ర విద్యార్థి